నాన్నగారి అంబాసిడర్‌కి రేసు స్ప్రింగులా?

సంతోష్‌నగర్ నుంచి ఓ పాఠకుడు పంపిన ఉత్తరంలో ప్రశ్న ఒక్కటే. కానీ దాని వెనక ఓ ఇంటి పంచాయితీ అంతా ఉంది. వాళ్ల నాన్నగారు 1972లో కొన్న మార్క్ టూ అంబాసిడర్ పదేళ్లుగా షెడ్డులో పట్టా కప్పుకుని పడుకుంది. దాన్ని లేపాలని అన్నదమ్ములిద్దరికీ ఉంది. తమ్ముడేమో అచ్చం నాన్నగారి కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉండాలంటాడు. ఈయనకు మాత్రం ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఇష్టం లేదు. ఓ కుర్ర మెకానిక్ లిస్టు రాసిచ్చాడట. గట్టి వాల్వు స్ప్రింగులు, ఎత్తు ఎక్కువున్న క్యామ్ షాఫ్టు, పెద్ద వాల్వులు, స్ప్రింగుల మీదికి టైటానియం టోపీలు, రెండు కార్బురేటర్లు. 'ఇవన్నీ వేస్తే ఇంజను బతుకుతుందా సార్?' అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ లిస్టులో సగం మీకు అక్కర్లేదు. తప్పనిసరిగా వేయించాల్సిన వస్తువేమో ఆ లిస్టులోనే లేదు.

ఎందుకో చెప్పాలంటే హెడ్డు దించాలి. కాగితం మీదే లెండి, భయపడకండి.

అంబాసిడర్‌కి 1959లో వచ్చిన 1489 సీసీ ఇంజను ఇంగ్లండులోని బీఎంసీ వాళ్ల 'బి సిరీస్' కుటుంబానికి చెందింది. అందులో క్యామ్ షాఫ్టు పైన ఉండదు, కింద బ్లాకులో ఓ పక్కన ఉంటుంది. క్యామ్ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే మిట్ట తిరుగుతూ టాపెట్‌ను పైకి తోస్తుంది. టాపెట్ పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్‌ను తోస్తే, రాకర్ రెండో కొస సీసా బల్లలాగా కిందికి దిగి వాల్వును నొక్కుతుంది. వాల్వు తెరుచుకుంటుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఈ గొలుసులో ఉన్న ఇనప సామానంతా కలిసి వాల్వును తెరవగలదే గానీ మూయలేదు. మూసేది స్ప్రింగు ఒక్కటే. క్యామ్ తోసింది తోసినట్టు వెనక్కి తెచ్చి, టాపెట్ ఎక్కడా క్యామ్‌ను వదలకుండా అంటిపెట్టుకుని ఉండేలా చూసే బాధ్యత దానిదే.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకోసారి వాల్వు తెరుచుకుంటుంది. అంటే ఇంజను నిముషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కలిపి దానికి దొరికే సమయం సెకనులో వెయ్యోవంతులు ఏడు. మనం కన్ను ఆర్పేలోపు వాల్వు ఆ పని అయిదారుసార్లు చేసేస్తుంది.

ఇక్కడే లెక్క తిరగబడుతుంది. వేగం రెట్టింపైతే స్ప్రింగు మీద పడే భారం రెట్టింపు కాదు, నాలుగింతలు. 4000 చుట్ల దగ్గర చక్కగా పనిచేసే స్ప్రింగుకు 5000 దగ్గర ఒకటిన్నర రెట్లు, 6000 దగ్గర రెండుంబావు రెట్లు బలం కావాలి. ఆ బలం లేనప్పుడు టాపెట్ మిట్ట కొస దాటాక క్యామ్‌ను వదిలి గాల్లోకి లేస్తుంది. స్కూటర్ మీద స్పీడ్ బ్రేకర్ వేగంగా దాటితే వెనక కూర్చున్నావిడ సీటు మీంచి లేచినట్టు. లేచినావిడ మళ్లీ దభాలున సీటు మీద పడుతుంది కదా, వాల్వు కూడా అంతే. సీటు మీద పడి, ఎగిరి, మళ్లీ పడుతుంది. దీన్నే 'వాల్వు ఫ్లోట్' అంటారు. ఇంజను అకస్మాత్తుగా ఊపు కోల్పోయి గరగరమంటుంది. అలా కొంతకాలం నడిపితే వాల్వు తల తెగుతుంది, లేదా పిస్టన్ మీద పడుతుంది. ఆ తర్వాత బిల్లు ఎంతవుతుందో అడక్కండి.

అయితే గట్టి స్ప్రింగు వేసేస్తే సరి కదా అంటారు. కుర్ర మెకానిక్ చెప్పింది అదే. నిజమే, సగం నిజం.

స్ప్రింగు గట్టిపడిన కొద్దీ క్యామ్ మిట్టకూ టాపెట్ అడుగుకూ మధ్య ఒత్తిడి పెరుగుతుంది. బి సిరీస్‌లో టాపెట్లు చదును అడుగు ఉన్న రకం. అవి క్యామ్ మీద దొర్లవు, రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడిలో వాటిని కాపాడేది ఆయిల్‌లో కలిపే జింకు, ఫాస్ఫరస్ ఉన్న ఓ మందు. కొత్త కార్ల కెటలిటిక్ కన్వర్టర్లకు అది పడదు గనక, 2000 తర్వాత వచ్చిన పల్చటి ఆయిళ్లలో దాన్ని తగ్గిస్తూ వచ్చారు. కొత్త కారుకు పోసే ఖరీదైన సింథటిక్ ఆయిల్ పాత కారుకు ఇంకా మేలు చేస్తుందనుకుని పోసేవాళ్లున్నారు. గట్టి స్ప్రింగులు, పల్చటి ఆయిల్ రెండూ కలిస్తే క్యామ్ మిట్టలు చెరుకు గడ నమిలినట్టు అరిగిపోతాయి. పాత బండికి పాత తరహా 20డబ్ల్యు-50 ఆయిలే మంచిది. డబ్బా మీద జింకు సంగతి రాసి ఉంటే ఇంకా మంచిది.

స్ప్రింగుకు ఇంకో జబ్బు కూడా ఉంది. దానికంటూ సొంత ఊపు ఒకటుంటుంది, వీణ తీగకు ఉన్నట్టు. ఇంజను వేగం ఏదో ఒక దగ్గర ఆ ఊపుకు తోడైతే స్ప్రింగు మధ్య చుట్లు వాటంతటవే అలల్లా కదిలిపోతాయి. ఆ క్షణంలో అది ఎంత గట్టిదైనా వాల్వును పట్టుకోలేదు. అందుకే ఒక లావు స్ప్రింగు బదులు ఒకదానిలో ఒకటి దూరే రెండు స్ప్రింగులు వాడతారు. రెండింటి ఊపులూ వేరు గనక ఒకటి తూలినా రెండోది నిలబెడుతుంది. లోపలిదాని చుట్టు ఎడమకు ఉంటే బయటిది కుడికి ఉంటుంది. లేకపోతే ఒకదాని చుట్ల మధ్య ఇంకోటి ఇరుక్కుంటుంది. బజారులో జత కొనేటప్పుడు ఇది చూసుకోండి. రెండూ ఒకే వైపు చుట్టి ఉంటే అది జత కాదు, ఎవరో రెండు డబ్బాల్లోంచి ఏరి కట్టిన పొట్లం.

నన్నడిగితే స్ప్రింగు బలం పెంచడం కన్నా అది మోసే బరువు తగ్గించడం తెలివైన పని. అదీ ఎక్కడ తగ్గించాలో తెలిసి తగ్గించాలి. రాకర్‌కు రెండు చేతులు సమానం కాదు. వాల్వు వైపు చెయ్యి పొడుగు. టాపెట్ ఒక మిల్లీమీటరు లేస్తే వాల్వు సుమారు 1.4 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే వాల్వు వైపు సామాను ఎక్కువ దూరం, ఎక్కువ వేగంగా కదులుతోందన్నమాట. ఈ 1.4ను వర్గం చేస్తే దాదాపు 2. కాబట్టి వాల్వు వైపు ఒక గ్రాము తగ్గిస్తే టాపెట్ వైపు రెండు గ్రాములు తగ్గించినట్టే. పుష్ రాడ్‌ను సన్నం చేయిస్తానని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. సన్నటి పుష్ రాడ్ బరువు తగ్గుతుంది గానీ వెదురు బద్దలా వంగుతుంది. వంగి, మళ్లీ నిటారుగా అయ్యేటప్పుడు అదే ఓ స్ప్రింగులా మారి వాల్వును తనిష్టం వచ్చినట్టు ఆడిస్తుంది. పుష్ రాడ్ గట్టిగా ఉండాలి. బరువు తగ్గాల్సింది వాల్వుకూ, స్ప్రింగు మీది టోపీకీ.

టైటానియం టోపీల సంగతి ఇక్కడే వస్తుంది. టైటానియం ఉక్కు బరువులో అరవై శాతం లోపే తూగుతుంది, బలం మాత్రం మంచి ఉక్కుకు దీటు. వేల చుట్లు తిరిగే రేసు ఇంజనుకు అది వరం. కానీ స్ప్రింగు కొస రాసుకుంటుంటే టైటానియం తేలిగ్గా అరుగుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు విప్పి చూసుకోవాలి. రేసుల వాళ్లు ఎలాగూ విప్పుతారు. ఆదివారం పూట చార్మినార్ దాకా వెళ్లి ఇరానీ చాయ్ తాగి వచ్చే అంబాసిడర్‌కు అది ఎందుకు?

టైటానియం గురించి సంతోష్‌నగర్ వాళ్లకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. డీఎంఆర్‌ఎల్ చౌరస్తా దాటి కంచన్‌బాగ్ వైపు తిరిగితే మిశ్రధాతు నిగమ్, మనం మిధాని అని పిలుచుకునేది, 1973 నుంచీ అక్కడే ఉంది. రాకెట్లకూ, విమానాలకూ, అణు రియాక్టర్లకూ కావలసిన టైటానియం, నికెల్ మిశ్రలోహాలు అక్కడ కరుగుతాయి. రోజూ మిధాని డిపో బస్సెక్కే వాళ్లలో ఎంతమందికి తెలుసోగానీ, అక్కడ తయారయ్యే 'సూపర్ని 80ఎ' అనే లోహానికి మన వాల్వులతో దగ్గరి చుట్టరికం ఉంది. ప్రపంచమంతా దాన్ని నిమోనిక్ 80ఎ అంటారు. ప్రధానంగా నికెల్, ఇరవై శాతం దాకా క్రోమియం, కొద్దిగా టైటానియం, అల్యూమినియం. 1940లలో ఇంగ్లండులో జెట్ ఇంజను టర్బైన్ రెక్కల కోసం పుట్టించారు. ఎర్రగా కాలినా మెత్తబడని గుణం చూసి, తర్వాత ఓడల ఇంజన్లకూ రేసు కార్లకూ ఎగ్జాస్టు వాల్వులుగా మలిచారు.

ఎగ్జాస్టు వాల్వు బతుకు అలాంటిది మరి. ఇన్‌టేక్ వాల్వు అదృష్టవంతురాలు. చల్లటి గాలీ పెట్రోలూ ఆమె మీంచే పోతాయి. ఎగ్జాస్టు వాల్వు మీంచి పోయేది మంట. దాని తల ఏడెనిమిది వందల డిగ్రీల దాకా కాలుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి రెండే దారులు. దాదాపు ముప్పావు వంతు వాల్వు అంచు సీటును తాకినప్పుడు హెడ్డులోకి పోతుంది. మిగతాది కాడ గుండా గైడులోకి. అందువల్ల వాల్వు ఎంత గొప్ప లోహంతో చేసినా, సీటు మీద సరిగ్గా కూర్చోకపోతే కాలిపోవడం ఖాయం. మూసుకుని ఉన్న కాసేపే దానికి విశ్రాంతి. ఆ కాసేపూ దొరక్కపోతే ఏ లోహమూ నిలవదు.

ఈ వేడి బాధకు ఓ విచిత్రమైన మందు కనిపెట్టినవాడు శామ్ హెరాన్ అనే ఇంగ్లిషు ఇంజనీరు. 1920లలో అమెరికాలో విమాన ఇంజన్ల మీద పనిచేస్తూ, వాల్వు కాడను బోలుగా చేసి సగానికి పైగా సోడియం నింపాడు. సోడియం 98 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. వాల్వు పైకీ కిందికీ ఆడుతుంటే లోపల ద్రవం సీసాలో మజ్జిగలా గిలకొట్టుకుంటూ తల దగ్గరి వేడిని కాడలోకి మోసుకుపోతుంది. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం రైట్ వర్ల్‌విండ్ ఇంజనులో ఉన్నవి ఈ సోడియం వాల్వులే. తర్వాత స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల మెర్లిన్ ఇంజన్లలోకీ వచ్చాయి.

స్పిట్‌ఫైర్‌కూ మన ఊరికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. ఏడో నిజాం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా దాని చిహ్నంలో నిజాం తలపాగా పెట్టుకున్నారు. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలను అడ్డుకున్న స్పిట్‌ఫైర్లలో వాళ్లవీ ఉన్నాయి. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన డబ్బుతోనే 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఎ బాంబరు విమానాలు వచ్చాయి. వాటిలో ఉన్నది నాలుగు వందల హార్స్ పవర్ లిబర్టీ ఇంజను. అన్నట్టు, చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు 1912 రోల్స్ రాయిస్ చూశారుగా. ఏడు లీటర్లకు పైబడిన ఆ సిల్వర్ గోస్ట్ ఇంజనులో వాల్వులు పక్కన ఉంటాయి, ఇంజను నిముషానికి రెండు వేల చుట్లు కూడా తిరగదు. ఆ కాలం స్ప్రింగులకు కష్టమంటే ఏమిటో తెలియదు. వాల్వుల మీద ఒత్తిడి తెచ్చింది వేగం మీద మోజే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఎక్కడో తుక్కులో దొరికిన లావుపాటి విమానం వాల్వు తెచ్చి, కోసి, మన హెడ్డుకు సరిపెడదామని చూసిన వాళ్ల గురించి విన్నాను. సోడియం నీళ్లు తగిలితే పేలుతుంది. కాడ లావుగా, బోలుగా ఉన్నట్టు అనుమానం వస్తే దాన్ని లేత్ మీదికి ఎక్కించకండి.

ఇక లిస్టులో లేని ఆ వస్తువు దగ్గరికి వద్దాం.

దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పిల్లల మెదళ్లకు సీసం విషం, అది పోవడం చాలా మంచిదైంది. అయితే ఆ సీసం పాత ఇంజన్లకు తెలియకుండా ఓ మేలు చేసేది. కాలగా మిగిలిన సీసపు పొర ఎగ్జాస్టు వాల్వు అంచుకూ సీటుకూ మధ్య పల్చటి మెత్తలా పరుచుకునేది. అంబాసిడర్ హెడ్డు పోత ఇనుము. ఎగ్జాస్టు సీటు విడిగా వేసిన రింగు కాదు, ఆ పోత ఇనుములోనే చెక్కింది. మెత్త పోయాక ఎర్రగా కాలిన వాల్వు ఆ మెత్తటి ఇనుము మీద కొట్టినప్పుడల్లా సూదిమొనంత చోట అతుక్కుని, లేచేటప్పుడు ఆ రవ్వను పీక్కుపోతుంది. మెల్లగా ఊరికే తిప్పితే పెద్దగా ఏమీ కాదు. వేగం పెంచి, బరువు వేసి నడిపితే సీటు తినేస్తుంది. వాల్వు హెడ్డులోకి దిగబడుతూ పోతుంది.

దిగబడితే ఏమవుతుందో తెలుసా? టాపెట్ల చప్పుడు తగ్గుతుంది! వాల్వు లోపలికి పోయిన కొద్దీ కాడ కొస పైకి లేచి రాకర్‌తో ఉండాల్సిన సందు మూసుకుపోతుంది. బండి ఓనరు సంబరపడతాడు, ఇంజను మెత్తబడింది, బాగా నడుస్తోందని. యాకుత్‌పురా వైపు ఓ ముసలి ఉస్తాద్ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "చప్పుడు చేసే టాపెట్‌తోని పరేషాన్ లేదు సాబ్. చప్పుడు బంద్ చేసిన టాపెట్‌తోనే పరేషాన్." సందు పూర్తిగా పోయిన రోజు వాల్వు మూసుకోదు. మూసుకోని వాల్వుకు వేడి పోయే దారి లేదు. వారం తిరక్కుండా అంచు కాలి, తునిగిన రొట్టెముక్కలా అవుతుంది.

గట్టి స్ప్రింగు ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. కొట్టేది గట్టిగా కొడుతుంది మరి. అర్థమైందా నేను ఆ లిస్టును ఎందుకు తిరగరాయమంటున్నానో? మెత్తటి సీటు మీద రేసు స్ప్రింగు వేయడమంటే మట్టిగోడకు ఇనపగేటు బిగించడమే.

కాబట్టి మొదటి ఖర్చు గట్టి సీటు రింగులు. నాలుగు ఎగ్జాస్టులకూ వేయిస్తే చాలు. ఇన్‌టేక్ సీట్లు బాగుంటే ముట్టుకోనక్కర్లేదు. హెడ్డులో గుండ్రంగా గాడి తీసి, ఆ గాడి కన్నా మూడు నాలుగు థౌ పెద్దదైన రింగును చల్లబరిచి దిగ్గొడతారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మన లేత్ షాపుల భాష. ఆ కొలత తప్పితే రింగు ఓ రోజు ఊడి సిలిండర్లో పడుతుంది. అందుకని ఈ పని చేతి డ్రిల్లుతో చేసేవాడి దగ్గర కాక, హెడ్డును మిషను మీద బిగించి గైడును ఆధారం చేసుకుని కోసేవాడి దగ్గరే చేయించండి. గైడులు అరిగి ఉంటే ముందు అవి మార్చాలి. వాల్వు ఊగుతుంటే సీటు ఎంత నున్నగా చేసినా వృథా. ఆ తర్వాత సీటును మూడు వాలుల్లో కోయమనండి. వాల్వు కూర్చునే చోట 45 డిగ్రీలు, దానికి ఓ వైపు 30, రెండో వైపు 60. గాలి అంచు దగ్గర తడబడకుండా జారిపోతుంది. డబ్బుకు తగిన బలం వచ్చే పని ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే. ఎగ్జాస్టు సీటు వెడల్పు మాత్రం మిల్లీమీటరున్నరకు తగ్గనివ్వకండి. సన్నగా ఉంటే అందంగా కనిపిస్తుంది, వేడి మాత్రం దిగదు.

వాల్వులు కొనేటప్పుడు జేబులో ఓ అయస్కాంతం ముక్క పెట్టుకుని వెళ్లండి. పుత్లీబౌలి అయినా రాణిగంజ్ అయినా, కౌంటర్ మీద రెండు వాల్వులు పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా ఉంటాయి. ఇన్‌టేక్ వాల్వుకు వాడే ఉక్కును అయస్కాంతం పట్టుకుంటుంది. వేడికి తట్టుకునే 21-4ఎన్ అనే ఎగ్జాస్టు ఉక్కు, అంటే 21 పాళ్లు క్రోమియం, 4 పాళ్లు నికెల్ ఉన్నది, అయస్కాంతానికి అంటదు. కొన్నింటికి తల ఒక లోహం, కాడ ఒక లోహం వేసి అతికిస్తారు. అప్పుడు కాడ అంటుకుంటుంది, తల అంటుకోదు. అది మంచి సరుకే. '21-4ఎన్ ఎగ్జాస్టు' అని డబ్బా మీద రాసి ఉన్నదాని తల టక్కున అయస్కాంతానికి అతుక్కుంటే, దండం పెట్టి పక్క దుకాణానికి పోండి. సీసం లేని పెట్రోలుకు 21-4ఎన్ చాలు. నిమోనిక్ దాకా పోనక్కర్లేదు. మిధాని గేటు దగ్గర నిలబడి నాలుగు వాల్వులకు సరిపడా ఇమ్మంటే వాళ్లు ఇవ్వరు కూడా!

మరి బలం సంగతి? ఈయన అడిగిందే అది. ఇదే 1489 సీసీ ఇంజనును ఇంగ్లండులో 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్సు కారుకు బిగించారు. మన అంబాసిడర్‌లో యాభై చిల్లర హార్స్ పవర్ ఇచ్చే ఇంజను అక్కడ 5500 చుట్ల దగ్గర 72 ఇచ్చింది. రెండు కార్బురేటర్లు, మెరుగుపరిచిన హెడ్డు, ఎక్కువ కంప్రెషన్, కొంచెం చురుకైన క్యామ్. అంతకు మించి మాయేమీ లేదు. కాబట్టి ఆ దారి కంపెనీ వాళ్లే నడిచి చూసిన దారి. అక్కడిదాకా పోవచ్చు. అక్కడ ఆగాలి. ఎందుకంటే ఈ ఇంజనులో క్రాంకును మోసేవి మూడే మెయిన్ బేరింగులు. అయిదు బేరింగుల బి సిరీస్ 1964లో గానీ రాలేదు, అదీ 1800 సీసీలో. మూడు బేరింగుల క్రాంకును ఏడు వేల చుట్లు తిప్పాలని చూస్తే, స్ప్రింగులు తట్టుకున్నా కింద క్రాంకు తట్టుకోదు. షోలవరం రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల్లో మద్రాసు మెకానిక్కులు ఫియట్లనూ అంబాసిడర్లనూ ఎంతెంత పరిగెత్తించేవాళ్లో కథలు కథలుగా చెబుతారు. నిజమే కావచ్చు. రేసు బండి ఇంజను రేసు అయ్యాక విప్పుతారు. మీ బండి ఇంజను మళ్లీ ఎప్పుడు విప్పుతారు?

5500 దాటకూడదని ఒట్టు పెట్టుకుంటే స్ప్రింగులు కూడా అంతకు తగ్గవే చాలు. కొంచెం బలమైన జంట స్ప్రింగులు, మంచి ఉక్కు టోపీలు. టైటానియం డబ్బు సీటు రింగులకు పెట్టండి.

పెట్రోలు విషయంలో ఇంకో మెలిక. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది గనక పాత జెట్‌తో నడిపితే మిశ్రమం పల్చనవుతుంది. పల్చటి మిశ్రమం పూర్తి థ్రాటిల్ మీద ఎగ్జాస్టు వాల్వును ఇంకా వేడెక్కిస్తుంది. కార్బురేటర్ మెయిన్ జెట్ ఒక అంకె పెద్దది వేయించి, స్పార్కు ప్లగ్గు రంగు చూసుకుంటూ సరిచేసుకోండి. రబ్బరు పైపులు కూడా మార్చేయండి, అవి మెత్తబడి ఊరుతాయి.

ఇప్పుడు తమ్ముడి పక్షాన ఓ మాట. 2021 జులైలో కేంద్రం పాతకాలపు బండ్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబర్లో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. 1972 బండికి ఆ వయసు వచ్చేసింది. కానీ షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసీ, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. సీటు రింగులు, గైడులు, వాల్వులు మరమ్మతు కిందికి వస్తాయనే నా అభిప్రాయం. హెడ్డు మూసేస్తే బయటికి కనిపించేది కూడా ఏమీ లేదు. రెండు కార్బురేటర్లు, వేరే మానిఫోల్డు మాత్రం బానెట్ ఎత్తగానే కనిపిస్తాయి. ఇంకో సంగతి, వింటేజ్‌గా నమోదైన బండిని రోజూ ఆఫీసుకు తిప్పడానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు కోసం తిరగడానికే. అన్నదమ్ములిద్దరూ ముందు ఇది కూర్చుని తేల్చుకోవాలి. మెకానిక్ దగ్గరికి వెళ్లడం ఆ తర్వాతి పని. ఎటు తేలినా విప్పిన పాత సామాను ఒక్క బోల్టు కూడా తుక్కువాడికి వేయకుండా, నూనె రాసి, పాత చీర ముక్కలో చుట్టి డబ్బాలో పెట్టండి. రేపు మళ్లీ వెనక్కి బిగించాలనిపిస్తే ఆ డబ్బా బంగారం.

క్యామ్ మార్చాలని ఈయన పట్టుబడితే, హెడ్డు బిగించే ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ మట్టి కొంచెం తెచ్చి ఒకటో నంబరు పిస్టన్ తల మీద, వాల్వులకు ఎదురుగా అద్ది, పైన చుక్క నూనె రాయండి. పాత గాస్కెట్ వేసి హెడ్డు కూర్చోబెట్టి, టాపెట్లు సెట్ చేసి, ఇంజనును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. సెల్ఫ్ కొట్టకండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి. తర్వాత హెడ్డు ఎత్తి, వాల్వు దిగిన చోట మట్టిని బ్లేడుతో కోసి మందం చూడండి. కనీసం 2 మిల్లీమీటర్లు ఉండాలి. అలాగే వాల్వు పూర్తిగా కిందికి దిగినప్పుడు స్ప్రింగు చుట్ల మధ్య సందులన్నీ కలిపి ఒక మిల్లీమీటరైనా మిగలాలి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఆనుకున్నాయంటే ఆ స్ప్రింగు ఆ క్యామ్‌కు పనికిరాదు. అప్పుడు వంగేది పుష్ రాడ్డే. కంప్రెషన్ కోసం హెడ్డు అడుగు కోయించి ఉంటే రాకర్ స్తంభాల కింద అంత మందం షిమ్ములు వేసి ఎత్తు సరిచేయండి. కొత్త క్యామ్‌కు కొత్త టాపెట్లే వేయాలి, పాతవి వాడకూడదు. మిట్టలకు పేస్టు రాసి, మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలకుండా 2000 చుట్ల మీద ఇరవై నిముషాలు నడపండి. ఐడిల్‌లో ఆయిల్ చిమ్మటం తక్కువ, ఒత్తిడేమో ఎక్కువ. ఆ ఇరవై నిముషాలయ్యాక ఇంజను చల్లారనిచ్చి ఆయిల్ మార్చండి. నూరు కిలోమీటర్లు తిరిగాక ఓసారి, ఐదు వందలకు ఇంకోసారి ఫీలర్ గేజ్ పెట్టి టాపెట్ సందులు చూసి, ఎనిమిది అంకెలూ ఓ నోటు పుస్తకంలో తారీఖు వేసి రాసుకోండి. రెండు కొలతల మధ్య ఎగ్జాస్టు సందు ఏదైనా తగ్గిందంటే, ఆ సిలిండర్ సీటు గురించి లేత్ షాపు వాణ్ణి అడగాల్సిన రోజు వచ్చిందన్నమాట.